విజయవాడలో అద్దెకిచ్చేందుకు బ్రోకరు లేకుండా ఇల్లు కొనేవారికి: బయానాకు ముందు జాగ్రత్తలు

బయానా ఇవ్వకముందే 30 ఏళ్ల ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన అమ్మకాలు, తాకట్ల వివరాలు చూపే ధ్రువపత్రం) తీయించి, లింకు డాక్యుమెంట్లలోని, అంటే పాత యాజమాన్య పత్రాల్లోని సర్వే నంబరును, హద్దులను ఒక్కొక్కటిగా సరిపోల్చండి. రిజిస్టరు కాని ఒప్పందాలు, వారసుల వాటాలు ఈసీలో కనిపించవు కనుక అసలు పత్రాలను న్యాయవాదికి చూపించడం తప్పనిసరి. ఈ ఖర్చుకు మాత్రం వెనుకాడవద్దని నా మనవి.

స్థలం 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్‌ను నిషేధించిన ఆస్తుల జాబితా) ఉందేమో చూడండి. ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ ఇళ్లు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అటువైపు కొంటుంటే కింది అంతస్తు గోడలపైన, మీటరు పెట్టె వెనుక నీటి చారలు వెతకండి, ఇరుగుపొరుగును అడగండి; మళ్లీ మునిగితే మరమ్మతు ఖర్చుతోపాటు అద్దె కూడా పోతుంది.

ఇంట్లో ఇప్పటికే అద్దెకున్నవారుంటే, వారి అడ్వాన్సు ఎవరు తిరిగివ్వాలో మీ కొనుగోలు అగ్రిమెంటులో రాయించండి. లేకుంటే ఆ భారం మీపై పడవచ్చు.

ఇంటి పన్ను, కరెంటు బిల్లుల తాజా రశీదులు తీసుకోండి.