పార్స్లీ కట్ట కొన్నారా, అయితే ఇలా వాడండి

పార్స్లీ అంటే ప్లేట్ అందంగా కనబడ్డానికి పెట్టే ఆకు అనుకుని చాలామంది తీసి పక్కన పెట్టేస్తారు, అలా అస్సలు చేయకండి, అదీ మంచి ఆకుకూరే. 100 గ్రాముల ఆకులో విటమిన్ సి సుమారు 130 మిల్లీగ్రాములు, ఐరన్ 6 మిల్లీగ్రాములు ఉంటాయి, ఇక విటమిన్ కె అయితే 10 గ్రాముల ఆకు తింటేనే పెద్దవాళ్ళకి ఆ రోజుకి సరిపోతుంది. విటమిన్ కె రక్తం గడ్డకట్టడానికి సాయపడుతుంది, అందుకే రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వేసుకునేవాళ్ళు డాక్టర్ని అడగకుండా దీన్ని ఒక్కసారిగా ఎక్కువ తినడం మొదలుపెట్టొద్దు.

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్ళకి స్టోర్లో ఇది కొత్తిమీర పక్కనే ఉంటుంది, చూస్తే తేడా తెలీదు, ఒక ఆకు నలిపి వాసన చూడండి చాలు. రింగులు తిరిగిన ఆకు కాకుండా వెడల్పాటి ఆకు రకమే తీసుకోండి, రుచి దాంట్లోనే బాగుంటుంది.

మొదట చేయాల్సింది లెబనాన్ వాళ్ళ తబ్బూలే అనే సలాడ్, ఎందుకంటే ఇందులో పార్స్లీనే అసలు కూర, రవ్వ పేరుకే. రెండు పెద్ద కట్టలు కడిగి తడి లేకుండా బట్ట మీద ఆరబెట్టండి, ఇది చాలా ముఖ్యం, తడి ఉంటే తరిగేటప్పుడు ముద్దయిపోతుంది, మిక్సీ జోలికి వెళ్ళకుండా పదునైన కత్తితో సన్నగా తరగండి. గుప్పెడు పుదీనా, రెండు టమాటాలు, ఒక చిన్న ఉల్లిపాయ సన్నగా తరిగి వేసి, నానబెట్టి పిండిన సన్న బుల్గుర్ మూడు స్పూన్లు కలపండి. బుల్గుర్ ఉడికించి ఆరబెట్టిన గోధుమ కాబట్టి నానితే చాలు, మన గోధుమ రవ్వ పచ్చిది, అదే వాడితే పొడిపొడిగా ఉడికించి చల్లార్చాలి. రెండు నిమ్మకాయల రసం, పావు కప్పు ఆలివ్ ఆయిల్, ఉప్పు తినే ముందే వేయండి, నిమ్మరసం వల్ల ఆకులో ఐరన్ కూడా ఒంటికి బాగా పడుతుంది.

కాడలు పారేయకండి, సూప్‌లో వేసి మరిగించి తీసేయొచ్చు. తరిగిన ఆకుని వెల్లుల్లి, వెనిగర్, ఎండుమిర్చి పలుకులు, ఒరెగానో, నూనెతో కలిపితే అర్జెంటీనా వాళ్ళ చిమిచుర్రీ సాస్, కాల్చిన మాంసం మీదకి అద్భుతం. వేడి కూరల్లో వేయాలంటే మాత్రం స్టవ్ ఆపాకే, మరిగిస్తే వాసనా పోతుంది విటమిన్ సి కూడా తగ్గిపోతుంది.

మిగిలిన కట్టని గ్లాసు నీళ్ళలో కాడలు మునిగేలా నిలబెట్టి పైన కవర్ వదులుగా కప్పి ఫ్రిజ్‌లో పెడితే వారం వరకు బాగానే ఉంటుంది, అంతకన్నా ఎక్కువ ఉంచాలంటే తరిగి ఐస్ ట్రేలో ఆలివ్ ఆయిల్ పోసి గడ్డకట్టించండి, పాస్తాకో ఆమ్లెట్‌కో ఒక్కో ముక్క తీసి వాడుకోవచ్చు.