కరెంటు పోతే సోలారూ ఆగిపోతోందా? గోదావరి డెల్టా ఇళ్లలో ఎదురయ్యే ఇబ్బందులు, కారణాలు, పరిష్కారాలు

రాజోలు నుంచి అంతర్వేది వైపు వెళ్లే దారిలో మా ఊరు. ఇంటి నుంచి సముద్రం కనబడదు. అయినా మేడ మీద మరిచిపోయిన ఇనుప మేకు వానాకాలంలో వారం తిరక్కుండానే ఎర్రబడుతుంది. ఇరవై ఏళ్లుగా ఇళ్లకు వైరింగ్ చేస్తున్నాను. కొన్నేళ్లుగా సోలార్ మరమ్మతులకు కూడా పిలుస్తున్నారు. వెళ్లిన చోటల్లా ఒకటి గమనించాను: తప్పు చాలావరకు ప్యానెళ్లు మేడ ఎక్కకముందే, కొనేటప్పుడు వేయని లెక్కలోనే జరిగిపోయి ఉంటుంది. అందుకే కింద మరమ్మతుతో పాటు, కొత్తగా పెట్టించుకునేవారు ముందే ఏం అడగాలో కూడా రాస్తున్నాను.

సమస్య: ఎండ మండుతోంది, కరెంటు పోయింది, ఫ్యాను తిరగడం లేదు

నాకు ఎక్కువగా వచ్చే ఫోను ఇదే. మూడు కిలోవాట్ల ప్యానెళ్లు పైన ఉండగా కింద చీకట్లో కూర్చోవడం ఎవరికైనా బాధే. ఇందులో యంత్రం తప్పేమీ లేదు. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపి పెట్టే గ్రిడ్ ఇన్వర్టర్, లైనులో కరెంటు ఆగిన క్షణంలో తానూ ఆగిపోయేలా తయారవుతుంది. అలా ఆగకపోతే మన మేడ మీది కరెంటు వీధి తీగల్లోకి వెళ్తుంది. తెగిన తీగ సరిచేయడానికి స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. కాబట్టి ఆ రక్షణను తప్పించే ఉపాయం ఎవరు చెప్పినా వినవద్దు. జనరేటరు వైరును ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా వెలిగించడం కూడా అంతే ప్రమాదం.

పరిష్కారం హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి తగిన బ్యాటరీ. లైను పోగానే ఇది ఇంటిని వీధి నుంచి వేరు చేసి, ముఖ్యమైన వాటికి మాత్రం కరెంటు ఇస్తుంది. ఇప్పటికే గ్రిడ్ ఇన్వర్టర్ ఉంటే దాన్ని మార్చాలా, పక్కన మరొకటి కలపవచ్చా అన్నది ఆ మోడల్ మీద ఆధారపడి ఉంటుంది. కొత్తగా పెట్టించేవారు మాత్రం ఇప్పుడు బ్యాటరీకి డబ్బు లేకపోయినా, తర్వాత బ్యాటరీ తగిలించుకునే వీలున్న ఇన్వర్టరే తీసుకోవాలి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30 వేలు, మూడో కిలోవాటుకు 18 వేలు, మొత్తం 78 వేల రూపాయల వరకు రాయితీ వస్తుంది. ఆ రాయితీ లెక్క ప్యానెళ్ల సామర్థ్యం మీదే. బ్యాటరీ ఖర్చు మన చేతిదే. ఇది తెలియక చివర్లో డబ్బు చాలక బ్యాటరీ ఊసే వదిలేసినవారు ఉన్నారు.

సమస్య: ఎనిమిది గంటలు వస్తుందన్న బ్యాటరీ మూడు గంటలకే చేతులెత్తేసింది

ముందు కాగితం, పెన్ను తీసుకోండి. తుపాను రాత్రి ఏవి తప్పకుండా పనిచేయాలి? మా ఇంటి లెక్క చెబుతాను. మూడు ఫ్యాన్లు పది గంటలు, ఐదు ఎల్‌ఈడీ దీపాలు ఐదు గంటలు, ఫోన్లు, వైఫై, రెండు గంటల టీవీ, అమ్మ ఇన్సులిన్ ఉన్న ఫ్రిజ్. ఫ్యాన్లు తక్కువ కరెంటు తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం కాబట్టి మూడింటికీ కలిపి 0.9 యూనిట్. దీపాలకు పావు యూనిట్ కన్నా తక్కువ. ఫ్రిజ్‌కు రాత్రంతా కలిపి అర యూనిట్. ఫోన్లు, వైఫై, టీవీ మరో 0.3 యూనిట్. మొత్తం దగ్గర దగ్గర రెండు యూనిట్లు. ఇన్వర్టర్‌లో పోయే దానితో కలిపి 2.3 అనుకోవచ్చు.

అవే ఫ్యాన్లు పాతకాలం 75 వాట్లవి అయితే, ఫ్యాన్లే 2.25 యూనిట్లు మింగేస్తాయి. బ్యాటరీ పెంచే ముందు ఫ్యాన్లు మార్చమని నేను ప్రతి ఇంట్లో చెప్పేది అందుకే. మూడు ఫ్యాన్ల ధర అదనపు బ్యాటరీ ధర ముందు చాలా చిన్నది.

ఇక బ్యాటరీ వైపు. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ (లెడ్ యాసిడ్ రకం) బ్యాటరీలో కాగితం మీద 1.8 యూనిట్లు ఉంటాయి. దాన్ని సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గుతుంది, కాబట్టి చేతికొచ్చేది 0.9. రెండు బ్యాటరీలున్నా మా రాత్రి గడవదు. 51.2 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఐదు యూనిట్ల పైచిలుకు ఉంటాయి, నాలుగు వాడుకోవచ్చు. అమ్మేవారు ‘ఎనిమిది గంటలు’ అన్నప్పుడు ఎన్ని వాట్ల మీద ఎనిమిది గంటలో అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

లెక్క సరిగ్గానే ఉండి, మొదట బాగా పనిచేసి, రెండో ఏడాదికి తగ్గిందా? ట్యూబులర్ అయితే రెండు కారణాలు చూడండి. ఒకటి వేడి. మెట్ల కింద గాలాడని అరలోనో, పడమటి ఎండ తగిలే రేకుల వరండాలోనో పెడుతున్నారు. 25 డిగ్రీలకు పైన ప్రతి పది డిగ్రీలకు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. రెండోది నీళ్లు. మట్టం తగ్గిందని బోరు నీళ్లు పోసిన ఇల్లు ఒకటి చూశాను. తీరానికి దగ్గర బోరు నీటిలో ఉప్పు ఎంతో మనకు తెలిసిందే. ఆ ఉప్పు ప్లేట్లను తినేస్తుంది, అలా పాడైన బ్యాటరీ మళ్లీ బాగుపడదు. డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ పోయకూడదు.

బ్యాటరీని నేల మీద పెట్టవద్దు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు లంక గ్రామాల్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడల మీద గుర్తులు చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు. ఆ గుర్తుకు రెండడుగుల పైన స్టాండు కట్టించండి. వీలైతే పై అంతస్తులో పెట్టండి.

సమస్య: పొద్దున్నే ఎర్రలైటు, పది గంటలకు అదే సర్దుకుంటుంది

వానాకాలంలో, మంచు కురిసే పుష్యమాసంలో ఇది ఎక్కువ. ఇన్వర్టర్ తెర మీద ‘ఐసోలేషన్’ అన్న మాట కనిపిస్తుంది. ఎండ ఎక్కాక తనంతట తానే పనిచేస్తుంది కాబట్టి చాలామంది పట్టించుకోరు. తడిగా ఉన్నప్పుడు ప్యానెళ్ల కరెంటు ఎక్కడో భూమికి కారుతోందని దాని అర్థం.

మా బాబాయి గారింట్లో దీని కోసం అర పూట వెతికాను. చివరికి ప్యానెళ్ల కింద, స్లాబు మీద నిలిచిన నీళ్లలో పడి ఉన్న ఒక కనెక్టర్ (రెండు వైర్లను కలిపే జోడు) దొరికింది. ప్యానెల్‌తో వచ్చిన సగం ఒక కంపెనీది, బిగించినవాళ్లు తెచ్చిన సగం మరొకటి. పైకి టక్కున కలిసిపోయాయి. ప్యానెళ్ల వైపు ఉండే డీసీ స్విచ్చు ఆపి, కరెంటు పారడం లేదని చూసుకుని విప్పితే లోపలి నుంచి ఒక్క నీటి చుక్క నా వేలి మీద పడింది. రాగి పిన్ను ఆకుపచ్చగా, చివర పిండిలా రాలుతోంది. పక్కనున్న ప్లాస్టిక్ కొంచెం కమిలింది. మరో ఏడాది అలాగే వదిలేస్తే అక్కడే మంట పుట్టేది.

రెండు సగాలూ ఒకే కంపెనీవి వేసి, పిన్నును వైరుకు బిగించే ఆ కంపెనీ క్రింపింగ్ పనిముట్టుతోనే నొక్కించాలి. కటింగ్ ప్లేరుతో నొక్కితే చాలదు. వైర్లు ఎండకు పెళుసెక్కని క్లిప్పులతో ఫ్రేముకు కట్టాలి, స్లాబును తాకకూడదు. కనెక్టర్‌కు ముందు వైరును కొంచెం కిందికి వంచి వేలాడదీస్తే వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. విప్పే పని ఇంటివారు చేయవద్దు. పగలు ప్యానెళ్ల వరుసలో వందల వోల్టుల డీసీ ఉంటుంది.

సమస్య: మూడేళ్లకే స్టాండు తుప్పు పట్టింది

ఉప్పు గాలి పని ఇది, కానీ దానికి తలుపు తెరిచింది మనమే. హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి పూత వేయడం) చేసిన జీఐ స్ట్రక్చర్ అని డబ్బు తీసుకుంటారు. మేడ మీదికి తెచ్చాక రంపంతో కోస్తారు, డ్రిల్లుతో రంధ్రాలు వేస్తారు, ఒక్కోసారి వెల్డింగ్ కూడా పెడతారు. కోసిన చోట, కాలిన చోట జింకు పూత ఉండదు. తుప్పు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. కోతలు, రంధ్రాలు ముందే చేసి, తర్వాత పూత వేసిన స్ట్రక్చర్ అడగండి. తప్పనిసరై పైన కోస్తే అదే రోజు జింకు పెయింటు రెండు పూతలు వేయించండి.

బోల్టుల విషయంలో నేను ఎక్కడా రాజీపడను. తీరానికి దగ్గర స్టెయిన్‌లెస్ స్టీల్ 304 కన్నా 316 ఎక్కువ కాలం ఉప్పుకు నిలబడుతుంది. ధర తేడా మొత్తం ఖర్చులో చాలా స్వల్పం. సముద్ర తీరాన పెట్టే ప్యానెళ్లకు ఉప్పు పొగమంచు పరీక్ష ఒకటుంది, ఐఈసీ 61701. ఆ ధ్రువపత్రం చూపించమనండి. ఎర్తింగ్ రాడ్డుకు కూడా మామూలు జీఐ కన్నా రాగి పూత ఉన్నది మేలు. మన తడి, ఉప్పు నేలలో ఎర్తింగ్ బాగానే అందుతుంది, కానీ ఇనుము త్వరగా కరిగిపోతుంది.

సమస్య: ఎండ ఉన్నా యూనిట్లు తగ్గాయి

ఏడాది సగటున కిలోవాటుకు రోజుకు దాదాపు నాలుగు యూనిట్లు రావాలి. వానాకాలంలో తగ్గితే కంగారు వద్దు. మార్గశిరం, పుష్యంలో తగ్గితే కొబ్బరి చెట్టు వైపు చూడండి. డిసెంబరు చివర మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మేడ కన్నా పది మీటర్లు ఎత్తున్న చెట్టు నీడ మధ్యాహ్నమే ఎనిమిది మీటర్లు పాకుతుంది, తొమ్మిది గంటలకు ఇంకా చాలా ఎక్కువ. వేసవిలో వచ్చి మేడ చూసినవాడికి ఆ నీడ కనబడదు. ఒక్క మట్ట నీడ పడినా ఆ ప్యానెల్‌లో మూడో వంతు ఆగిపోవచ్చు. చెట్టు కొట్టమని నేను అనను. ప్యానెళ్లను మేడకు ఉత్తరపు వైపు జరిపితే చాలాసార్లు సరిపోతుంది. కాయ రాలి పడే దూరం నుంచి కూడా తప్పించినట్టవుతుంది.

రెండో కారణం మురికి. రైసు మిల్లుకు దగ్గర ఇళ్లలో ఊక బూడిద పేరుకుంటుంది, తీరాన ఉప్పు పొర. ఎండెక్కక ముందు, మంచి నీళ్లతో, మెత్తని గుడ్డతో కడగాలి. ఉప్పు బోరు నీళ్లతో కడిగితే ఆరాక తెల్లని మరకలు మిగిలిపోతాయి.

మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు మధ్య ఇన్వర్టరే ఆగి ఆగి నడుస్తుంటే తెర మీద వోల్టేజి చూడండి. 253 దాటుతోందా? కాలువలోకి నీరు తోడాలంటే మన వైపు మట్టం కొంచెం ఎత్తుగా ఉండాలి కదా, వీధిలోకి కరెంటు పంపడానికీ అంతే. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు సన్నగా, పొడవుగా ఉంటే ఆ ఎత్తు మరీ పెరిగి ఇన్వర్టర్ ఆగిపోతుంది. లావు సర్వీసు వైరు వేయించి, మీటరు దగ్గరి వదులు జాయింట్లు బిగిస్తే చాలావరకు తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే విద్యుత్ శాఖకు అర్జీ పెట్టి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కొలిపించాలి.

సమస్య: మోటారు వేయగానే అంతా ఆరిపోయింది

నడిచేటప్పుడు ఒక కిలోవాటు తీసుకునే ఒక హార్స్‌పవర్ మోటారు, మొదలయ్యేటప్పుడు క్షణకాలం దానికి మూడు నాలుగు రెట్లు లాగుతుంది. మోటారు కోసం పెద్ద ఇన్వర్టర్ కొనడం కన్నా, తుపాను హెచ్చరిక రాగానే ట్యాంకు నింపుకోవడం నయం. బ్యాటరీ మీద నడిచే బ్యాకప్ వైరింగ్‌లోకి మోటారు, గీజరు, ఏసీ రాకుండా వేరు చేయించండి.

తుపాను ముందు, తర్వాత

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడిన తుపాను చూసినవారికి గాలి సంగతి తెలుసు. మా ఊళ్లో వారాల తరబడి కరెంటు లేదు. భారత ప్రమాణం ఐఎస్ 875 మన తీరానికి సెకనుకు 50 మీటర్ల గాలి లెక్కించమంటుంది, అంటే గంటకు 180 కిలోమీటర్లు. స్థూలంగా చదరపు మీటరుకు 150 కిలోల ఒత్తిడి. రెండున్నర చదరపు మీటర్ల ప్యానెల్‌ను గాలి దాదాపు 380 కిలోల బలంతో లేపగలదు. ప్యానెల్ బరువు చూస్తే ముప్పై కిలోలు. అందుకే సిమెంటు దిమ్మలు ఊరికే స్లాబు మీద పెట్టి వదిలేయడం నాకు నచ్చదు. స్టాండు కాళ్లను దూలాల మీద కెమికల్ యాంకర్లతో (రంధ్రంలో జిగురుతో అతికే బోల్టులతో) బిగించి, చుట్టూ నీరు దిగకుండా పూత వేయించాలి. వాలు పది పదిహేను డిగ్రీలకు మించనక్కర్లేదు. పిట్టగోడ అంచు నుంచి ఒక మీటరు లోపలికి ఉండాలి, అంచుల్లోనే గాలి లాగుడు ఎక్కువ. పాత పెంకుటింటి మీద అసలు పెట్టవద్దు.

హెచ్చరిక వచ్చిన రోజే బ్యాటరీ నిండా ఎక్కించి ఉంచండి. తుపాను మబ్బులో ప్యానెళ్ల నుంచి వచ్చేది చాలా కొద్ది. బోల్టులన్నీ బిగించి చూడండి, మేడ మీది వదులు రేకులు, కుండీలు దింపేయండి. గాలి ముదిరే ముందు ప్యానెళ్ల వైపు డీసీ, వీధి లైను వైపు ఏసీ స్విచ్చులు ఆపి బ్యాటరీ మీదే నడపండి.

గాలి తగ్గాక వెంటనే మేడ ఎక్కవద్దు. అద్దం పగిలిన ప్యానెల్ కూడా వెలుతురు పడితే కరెంటు ఇస్తూనే ఉంటుంది. తడి ఫ్రేమును ముట్టుకోకుండా మెకానిక్‌ను పిలవండి. అతను వచ్చేదాకా పిల్లల్ని మెట్ల వైపు వెళ్లనివ్వకండి. వరద నీటిలో మునిగిన ఇన్వర్టర్‌ను ఆరబెట్టి వేసి చూడటం వద్దు. మునిగిన లిథియం బ్యాటరీ పైకి బాగానే కనిపించినా రోజుల తర్వాత కూడా నిప్పు అంటుకోవచ్చు. నీళ్లలో నిలబడి దాని దగ్గరికి వెళ్లకండి. నీరు తీశాక కంపెనీ మనిషిని పిలిపించి, ఇంటికి, పశువుల పాకకు, గడ్డివాముకు దూరంగా ఆరుబయట పెట్టించండి.