అక్రమ రవాణా బాధితులకు సాయపడబోయే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

మానవ అక్రమ రవాణాను అరికట్టే స్వచ్ఛంద సంస్థల్లో కొత్తగా చేరినవారికి ఎలాగైనా సాయం చేయాలన్న ఆత్రం ఎక్కువగా ఉంటుంది. ఆ ఆత్రమే ఒక్కోసారి బాధితుల ప్రాణం మీదికి తెస్తుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి 2022లో వెలువరించిన అంచనా ప్రకారం, 2021లో ప్రపంచవ్యాప్తంగా 4.96 కోట్ల మంది ఆధునిక బానిసత్వంలో ఉండగా, వారిలో 2.76 కోట్ల మంది బలవంతపు చాకిరీలోనూ మిగతావారు బలవంతపు పెళ్ళిళ్లలోనూ చిక్కుకున్నారు. ఇలాంటివారిని సంకెళ్లు చూసి గుర్తుపట్టవచ్చనుకుంటే పొరపాటే. గుర్తింపు పత్రాలు యజమాని బీరువాలో ఉండిపోవడం, జీతం నెలల తరబడి అందకపోవడం, తీర్చేకొద్దీ పెరిగే అప్పు, ఏమడిగినా పక్కనున్న మనిషే జవాబు చెప్పడం వంటివి గమనించాలి.

అనుమానం కలిగితే యజమానిని నిలదీయడం గానీ, బాధితులను సొంతంగా బయటికి తీసుకురావడం గానీ చేయరాదు. మీరు వెళ్లిపోయాక దెబ్బలు తినేది వారే, పైగా రాత్రికి రాత్రి మరో చోటికి తరలించేస్తే ఆచూకీ కూడా దొరకదు. ప్రాణాపాయం కనిపిస్తే వెంటనే పోలీసులకు ఫోన్ చేయాలి. లేనప్పుడు చూసింది చూసినట్టు తేదీ, సమయంతో సహా రాసి, సంస్థలో ఆ బాధ్యత చూసేవారికి అప్పగించాలి.

మాట్లాడే అవకాశం దొరికితే ఏకాంతంగానే మాట్లాడాలి. యజమాని, ఏజెంటు, చివరికి బంధువు తెచ్చిన దుబాసీని కూడా ఒప్పుకోరాదు. "ఇప్పుడు మాట్లాడటం మీకు క్షేమమేనా?" అన్నది మొదటి ప్రశ్న కావాలి, తటపటాయిస్తే అక్కడితో ఆపాలి. తప్పక విడిపిస్తామనీ, ఎవరికీ చెప్పమనీ మాట ఇవ్వకూడదు, ఎందుకంటే పిల్లల విషయంలో చాలా చోట్ల అధికారులకు తెలియజేయడం తప్పనిసరి. "తానే ఇష్టపడి వచ్చాడు కదా" అన్న వాదనకు వెనక్కి తగ్గనక్కరలేదు: మానవ అక్రమ రవాణాను అరికట్టేందుకు 2000లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన అంతర్జాతీయ ఒప్పందం పాలెర్మో ప్రోటోకాల్ ప్రకారం మోసంతోనో బెదిరింపుతోనో దోపిడీకి రాబట్టిన సమ్మతి చెల్లదు, 18 ఏళ్లలోపు వారి విషయంలోనైతే ఆ మోసాన్ని చూపవలసిన పని కూడా లేదు.

ఇక ఫొటోలు. విరాళాల ప్రచారానికి అవి ఉపయోగపడతాయన్నది నిజమే గానీ, ముఖం మసకబార్చినా ఒక పచ్చబొట్టు, వెనకనున్న గోడ చాలు, వెతికేవాడికి. అప్పుడే బయటపడి కృతజ్ఞతతో తలూపుతున్న మనిషి దగ్గర తీసుకున్న అనుమతిని నేనైతే అనుమతిగా లెక్కించను.

పెద్దవారెవరైనా సాయం వద్దంటే ఒత్తిడి చేయకూడదు. కరపత్రం ఇస్తే సోదాలో దొరికిపోవచ్చు, ఫోనుకు సందేశం పంపితే మరొకరు చదవవచ్చు. కాబట్టి సహాయ నంబరును రెండుమూడు సార్లు పలికించి నోటికి వచ్చేలా చేసి పంపడం మేలు.