డచ్చి సరుకు కాగితాలను ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు

పర్లాకిమిడిలోనో బరంపురంలోనో పెరిగినవాళ్లకు ఈ పనిలోని మొదటి మెళకువ ఒకరు చెప్పనక్కర్లేదు. ఉపన్యాసమంటే మనకు ప్రసంగం, ఒడియాలో నవల. డచ్చి, ఇంగ్లీషుల మధ్యా అంతే. 'మహజైన్' పత్రిక కాదు, వేర్‌హౌస్. 'ఏవెంట్యూయేల్' అంటే చివరికి అని కాదు, అవసరమైతే అని.

ముందు చేతిలో ఉన్నది ఏ కాగితమో తేల్చుకోండి. లారీ సరుకుతో వెళ్లేది 'వ్రాఖ్ట్‌బ్రీఫ్'. దేశాల మధ్య రోడ్డు సరుకు రవాణాకు సంబంధించిన 1956 నాటి సీఎంఆర్ ఒప్పందం ఇంగ్లీషు పాఠంలో దానిపేరు కన్‌సైన్‌మెంట్ నోట్. ఓడ సరుకుది 'కొన్యోసెమెంట్', అంటే బిల్ ఆఫ్ లేడింగ్. రెండూ రసీదులేగా అని కలిపేయకండి. ఓడ బిల్లు సరుకు మీద హక్కు పత్రం. అది చేతులు మారితే సరుకూ మారినట్టే. లారీ నోటుకు ఆ బలం లేదు. అయితే అమెరికాలో లారీ కాగితాన్నీ బిల్ ఆఫ్ లేడింగ్ అనే అంటారు. అందుకే పని ఇచ్చినవాళ్లకు ఏ దేశపు ఇంగ్లీషు కావాలో మొదటిరోజే అడగాలి.

తర్వాత మనుషులు. 'వర్‌వూర్డర్' సరుకు మోసే క్యారియర్. 'ఎక్స్‌పేడితర్' రవాణా ఏర్పాటుచేసే ఫ్రైట్ ఫార్వర్డర్. సరుకు పాడైతే ఎవరిని నిలదీయాలన్నది ఈ రెండు మాటల మీదే ఉంటుంది, ఇక్కడ ఊహ పనికిరాదు.

పొడుగాటి మాటను మన సమాసంలాగే చివరినుంచి విప్పండి: రాజభవనం భవనమే, 'హెఫ్‌ట్రక్' ట్రక్కే. విప్పాక మాటకు మాట పెట్టకండి; ఇంగ్లీషులో అది ఫోర్క్‌లిఫ్ట్. 'ఔట్‌స్లాఖ్' మరీ చిక్కు: పరీక్షలో ఫలితం, ఒంటిమీద దద్దురు, గోదాములో గూడ్స్ అవుట్. పక్కన 'ఇన్‌స్లాఖ్' కనిపిస్తే గోదాము లెక్కే.

అంకెల్లో చుక్క, కామా తారుమారవుతాయి. డచ్చిలో 1.250 కిలోలంటే పన్నెండువందల యాభై. 1,250 అంటే కిలోంబావు. మార్చేటప్పుడు అలవాటుగా లక్షల కామా పడుతుంది: 125.000ను 1,25,000 కాదు, 125,000 అని రాయాలి. టైము చెప్పేటప్పుడు 'హాల్ఫ్ డ్రీ' మూడున్నర కాదు, రెండున్నర. తప్పు రాస్తే లారీ గంట ఆలస్యంగా చేరుతుంది. 'లాడ్‌మేటర్' మామూలు మీటరు కాదు, 2.4 మీటర్ల వెడల్పు ట్రెయిలర్‌లో ఒక మీటరు పొడవు. 120×80 సెంటీమీటర్ల యూరో ప్యాలెట్‌కు 0.4 పడుతుంది. దాన్ని లోడింగ్ మీటర్ అనే ఉంచండి.

అనుమానమొస్తే యూరోపియన్ యూనియన్ చట్టాల వెబ్‌సైటు యూర్‌లెక్స్‌లో 2013 నాటి 952వ కస్టమ్స్ నిబంధన తెరిచి, డచ్చి, ఇంగ్లీషు పాఠాలను పక్కపక్కన పెట్టి అదే వాక్యం చూడండి.