చిగుళ్ళ నుంచి రక్తం: నాకు ఎలా తగ్గిందంటే

బ్రష్ చేసి ఉమ్మిన ప్రతిసారీ ఎర్రగా రక్తం. జామకాయ కొరికితే దాని మీదా మరక. ఏడాదిగా ఇదే. పేస్టులు మార్చాను, ఉప్పునీళ్ళు పుక్కిలించాను, లవంగ నూనె రాశాను, వేపపుల్ల నమిలాను, రక్తం వస్తోందని అక్కడ తోమడమే మానేశాను. ఈ చివరిదే అసలు తప్పు.

డెంటిస్ట్ చిన్న అద్దం పెట్టి కింది ముందు పళ్ళ లోపలి వైపు చూపించారు. పసుపచ్చగా, గోరుతో గీకినా రాని గార. లాలాజలం ఊరే చోట్లలో అదొకటి కాబట్టి పాచి త్వరగా గట్టిపడుతుందట. ఒకసారి గట్టిపడ్డాక ఏ బ్రష్‌కీ లొంగదు.

ముందు అల్ట్రాసోనిక్ స్కేలింగ్ చేశారు, అంటే సన్నగా కంపించే పరికరంతో గార ఊడగొట్టడం, దాదాపు 40 నిమిషాలు. ఆ రాత్రి నుంచే మెత్తటి బ్రష్‌ని చిగురు అంచుకి 45 డిగ్రీల వాలులో ఆనించి, చిన్నగా కదుపుతూ 2 నిమిషాలు తోమాను. తర్వాత పళ్ళ సందుల్లో ఇంటర్‌డెంటల్ బ్రష్. మొదటి నాలుగైదు రోజులు రక్తం వచ్చినా ఆపలేదు. పదో రోజుకి ఉమ్మి తెల్లగా వచ్చింది. ఎంత హాయిగా అనిపించిందో!

వారం పాటు చల్లనీళ్ళకి పళ్ళు జివ్వుమన్నాయి. సందులు పెరిగాయని, పళ్ళు వదులైపోతాయని అమ్మ టెన్షన్ పడింది. గార పోయిన చోటు ఖాళీగా కనిపించింది, అంతే.

నాది చిగుళ్ళ వాపు దశే కాబట్టి ఇంతటితో తగ్గింది. ఎముక దాకా పాకినవాళ్ళకి ఇది చాలకపోవచ్చు. షుగర్ ఉన్నా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా ముందే డాక్టర్‌కి చెప్పండి. నన్ను 6 నెలలకి మళ్ళీ రమ్మన్నారు. మీ గడువు మీ చిగుళ్ళు చూసి వాళ్ళే చెప్పాలి.