రాక్ క్లైంబింగ్ కొత్తా? బ్యాగు సర్దేసి భువనగిరి వెళ్లిరండి

హైదరాబాద్‌లో ఉంటూ రాయి ఎక్కడం నేర్చుకోవడానికి మనాలి ప్యాకేజీలు చూసేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యమేస్తుంది. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మన అపార్ట్‌మెంట్ల పక్కనే ఉంది, అంటే పేల్చేయగా మిగిలింది అనుకోండి.

మొదటి ట్రిప్‌కి నా ఓటు భువనగిరికే. సిటీకి 50 కిలోమీటర్లు, ఊరి మధ్యలో ఒకే రాయిగా లేచిన గుట్ట, దాదాపు 500 అడుగుల ఎత్తు, పైన చాళుక్యుల నాటి కోట. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ రాక్ క్లైంబింగ్ నేర్చుకుంది ఇక్కడే. శని, ఆదివారాలు రెండూ పెట్టుకుంటే హడావుడి లేకుండా సరిపోతుంది.

మనవాళ్లు ముందు వాట్సాప్ గ్రూపు పెడతారు, తర్వాత డేట్, ఆ తర్వాత షాపింగ్, చివర్లో ఎవరికో గుర్తొస్తుంది, అసలు తాడు ఎవరు కడతారని. ముందు ఇన్‌స్ట్రక్టర్ దొరకాలి, ఆయన ఖాళీని బట్టే డేట్. ఫోన్లో మొహమాటపడకుండా అడగండి: ఒక్కొక్కరు ఎంతమందిని చూసుకుంటారు, తాళ్లు ఎప్పుడు కొన్నారు, హెల్మెట్ అందరికీ ఉంటుందా, పైన యాంకర్, అంటే తాడు బరువంతా మోసే కట్టు, ఎన్ని చోట్ల కడతారు. కనీసం రెండు వేర్వేరు చోట్ల కట్టాలి, ఒకటి ఊడినా రెండోది ఆపాలి కాబట్టి. ఈ ప్రశ్నలకి విసుక్కున్నారంటే ఇంకొకరిని వెతుక్కోవడమే. కొత్తవాళ్లకి టాప్ రోప్ పద్ధతి చాలు: తాడు పై నుంచి వస్తుంది, కింద ఒకరు పట్టుకుంటారు, మీ కాలు జారినా అక్కడికక్కడే వేలాడతారు తప్ప పెద్దగా పడరు.

సీజన్ నవంబర్ నుంచి ఫిబ్రవరి. మార్చి దాటితే పొద్దున పదింటికే రాయి పెనంలా కాలుతుంది, చెయ్యి పెట్టలేరు. వానాకాలం అయితే అసలు వద్దు. గుట్ట మీద నీళ్లు కారే దారిలో నల్లటి చారలు కనిపిస్తాయి చూడండి, ఎండినప్పుడు బాగానే ఉంటాయి గానీ తడిస్తే నాచు మీద కాలేసినట్టే.

వెళ్లే ముందు వారం ఖాజాగూడ గుట్టల్లో ఒక ఉదయం గడపండి. తల ఎత్తు కూడా లేని బండ చాలు, అంతకంటే పైకి వెళ్లొద్దు. ఎక్కే ముందు దిగే దారి చూసుకోండి, ఎందుకంటే ఎక్కేటప్పుడు కళ్ల ముందు ఉండే పట్టు దిగేటప్పుడు కనిపించదు. ఇక గ్రానైట్ పొరలు పొరలుగా ఊడే రాయి. పట్టుకోబోయే పెచ్చు మీద వేలి కణుపుతో ఒకసారి కొట్టి వినండి: గట్టిగా 'టక్' అంటే సరే, డొల్ల డబ్బాలా మోగితే దాన్ని వదిలేయండి. ఇంకో సంగతి, ఏటవాలు బండ మీద భయంతో రాయిని కావలించుకుంటే పాదాలు జారతాయి. మడమలు కిందికి దించి, నడుము రాయికి కాస్త దూరంగా పెట్టి, బరువంతా పాదాల మీద వేయాలి. చేతులు బ్యాలెన్స్ కోసమే. జిమ్‌లో పుల్అప్స్ కొట్టే కుర్రాళ్లు ఇక్కడే తొందరగా అలసిపోతారు, వాళ్ల పక్కన సన్నగా ఉన్న అమ్మాయిలు మెల్లగా ఎక్కేస్తుంటారు.

హార్నెస్ (నడుముకీ తొడలకీ కట్టుకునే బెల్టు), తాడు, కారబైనర్లు (తాడు తగిలించే లోహపు కొక్కేలు), హెల్మెట్ ఇన్‌స్ట్రక్టర్‌వే వాడండి, మీరు కొనొద్దు. ఈ పని మీద నిజంగా ఇష్టం కుదిరాక క్లైంబింగ్ షూస్ ఒక్కటి కొనుక్కోవచ్చు, అప్పటిదాకా అడుగు అరగని మామూలు షూస్ చాలు. మనిషికి మూడు నాలుగు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్, వేళ్లకి చుట్టుకునే టేపు, టోపీ, టార్చ్, ఒక జత బట్టలు, పల్లీ చిక్కీ, పులిహోర. బ్యాగు మీ బరువులో ఐదో వంతు దాటకూడదు. సెంటు మాత్రం ఇంట్లోనే పెట్టేయండి. ఇలాంటి గుట్టలకి కొండ తేనెపట్లు ఉంటాయి, వాసనకీ పొగకీ అవి రేగితే తాడు మీద ఉన్నవాడు ఎటూ పరిగెత్తలేడు.

శనివారం చీకటితోనే బయల్దేరండి. సికింద్రాబాద్ నుంచి కాజీపేట లైన్లో రైళ్లున్నాయి, అన్నీ భువనగిరిలో ఆగవు. ఉప్పల్ నుంచి బస్సయితే ఊళ్లోకి వెళ్తుందా, బైపాస్ మీద దింపేస్తుందా అని కండక్టర్‌ని అడిగి ఎక్కండి. ముందు రాత్రే గోళ్లు కత్తిరించుకోండి, ఉంగరాలు తీసేయండి, రాతి పగులులో ఉంగరం ఇరుక్కుంటే వేలే పోతుంది. ఎక్కే ప్రతిసారీ ఒకరిది ఒకరు చూసుకోవాలి: హార్నెస్ బకిల్, తాడుని హార్నెస్‌కి కట్టే 8 ఆకారపు ముడి, కారబైనర్ లాక్. కింద తాడు పట్టుకున్నవాళ్ల బ్రేక్ చెయ్యి, అంటే తాడు జారకుండా ఆపే చెయ్యి, తాడు మీంచి ఒక్క క్షణం కూడా తీయకూడదు, ఫోటో కోసమైనా సరే. కోట గోడల జోలికి వెళ్లకండి, అవి ఎక్కడానికి కట్టినవి కావు.

రాత్రికి యాదగిరిగుట్టలో రూమ్ తీసుకోండి, అక్కడికి పదిహేను కిలోమీటర్ల లోపే. వీకెండ్ భక్తుల రద్దీ ఉంటుంది కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. టెంట్ వేయాలని మరీ కోరికగా ఉంటే దాన్ని వికారాబాద్ అనంతగిరి ట్రిప్‌కి దాచుకోండి, మొదటిసారి క్లైంబింగ్ చేసిన ఒళ్లు ఆ రాత్రి పరుపే కోరుకుంటుంది.

ఆదివారం మళ్లీ తాడు పట్టొద్దు. వేళ్ల చర్మం అప్పటికే గరుకు రాయికి అరిగిపోయి మండుతుంటుంది. మెట్ల దారిన కోట పైకి నడిచి వెళ్లండి, నిన్న మీరు వేలాడిన చోటు పై నుంచి ఎలా ఉందో చూడండి, ఊళ్లో భోజనం చేసి మూడింటికల్లా బయల్దేరండి. ఇంకా ఆలస్యమైతే ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ దాకా ట్రాఫిక్‌లో నిలబడాల్సిందే.