పాఠం 7: రెండు అనుపాతాల తేడాను పరీక్షించడం

పోయిన పాఠంలో ఒక నమూనా అనుపాతాన్ని (మొత్తంలో ఎంత వంతు అన్నదాన్ని) ముందే ఇచ్చిన విలువతో పోల్చాం. ఈసారి అలాంటి విలువేమీ ఉండదు. రెండు గుంపులుంటాయి, రెండింటినీ ఒకదానితో ఒకటి పోల్చుకోవాలి.

1954లో అమెరికాలో జరిగిన పోలియో టీకా పరీక్షనే లెక్కగా తీసుకుందాం. జోనస్ సాల్క్ తయారుచేసిన టీకాను 2,00,745 మంది పిల్లలకు వేశారు. 2,01,229 మందికి మందు లేని ఇంజెక్షన్ ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో పిల్లలకూ తెలియదు, జబ్బును నిర్ధారించే డాక్టర్లకూ తెలియదు. టీకా గుంపులో 57 మందికి, రెండో గుంపులో 142 మందికి పోలియో వచ్చింది. లక్షకు 28.4, 70.6. తేడా 42.2.

శూన్య పరికల్పన, అంటే పరీక్షించడానికి ముందుగా నిజమనుకునే మాట: టీకాతో ఏ మార్పూ లేదు, రెండు గుంపుల అసలు అనుపాతం ఒక్కటే.

చాలామంది తడబడేది దీని తర్వాతి మెట్టు దగ్గరే. అనుపాతం ఒక్కటే అనుకున్నాక ప్రామాణిక దోషంలో (కేవలం యాదృచ్ఛికంగా తేడా ఎంత అటూఇటూ అవుతుందో చెప్పే కొలతలో) రెండు వేర్వేరు అనుపాతాలు వాడితే మన మాటను మనమే కాదన్నట్టు అవుతుంది. అందుకే గుంపులు కలిపేస్తాం: 199ని 4,01,974తో భాగిస్తే 0.000495. ఇది ఉమ్మడి అనుపాతం. 1లోంచి దీన్ని తీసేసి, మిగిలిన దానితో దీన్ని గుణించండి. వచ్చినదాన్ని (1/2,00,745 + 1/2,01,229)తో గుణించి వర్గమూలం తీయండి. ప్రామాణిక దోషం 0.0000702, అంటే లక్షకు 7.02.

42.2ను 7.02తో భాగిస్తే జెడ్ విలువ, అంటే తేడా ప్రామాణిక దోషానికి ఎన్ని రెట్లో, 6.0. తేడా ఏ వైపుకున్నా లెక్కించే, రెండు వైపులా చూసే పరీక్షలో 5 శాతం స్థాయికి (శూన్య పరికల్పన నిజమైనా పొరపాటున తిరస్కరించే అవకాశం 5 శాతం) హద్దు 1.96 మాత్రమే. టీకా పనిచేయకపోతే ఇంత తేడా వచ్చే అవకాశం కోటికి ఒకటి కూడా కాదు. శూన్య పరికల్పనను తిరస్కరిస్తాం. (ప్రతి గుంపులో జబ్బు వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ కనీసం పదేసి మంది ఉంటేనే ఈ పద్ధతి నమ్మదగింది.)

నాకు సూత్రం కంటే ముఖ్యమనిపించేది ఇంకొకటి ఉంది. అవే ప్రాంతాల్లో తల్లిదండ్రులు ఒప్పుకోని పిల్లలకు ఏ ఇంజెక్షనూ వేయలేదు. వాళ్ళలో పోలియో లక్షకు సుమారు 46. మందు లేని ఇంజెక్షన్ పొందిన పిల్లలకూ టీకా లేదు, అయినా వాళ్ళలో 70.6! ఒప్పుకున్న కుటుంబాలు ఎక్కువగా డబ్బున్నవి. శుభ్రమైన ఇళ్ళలో పెరిగిన పిల్లలకు పసితనంలో, తల్లి నుంచి వచ్చిన రక్షణ ఉండగా, వైరస్ సోకడం తక్కువ. పెద్దయ్యాక సోకితే ముప్పు ఎక్కువ. టీకా పిల్లలను ఒప్పుకోనివాళ్ళతో పోల్చి ఉంటే టీకా మేలు తక్కువగా కనిపించేది. జెడ్ సూత్రం ఈ పొరపాటును పట్టుకోలేదు. ఒప్పుకున్నవాళ్ళనే యాదృచ్ఛికంగా రెండుగా విడదీయడం వల్లే పై పోలిక నిలబడింది.

అభ్యాసం: పక్షవాతం వచ్చిన కేసులు మాత్రమే తీసుకుంటే టీకా గుంపులో 33, రెండో గుంపులో 115. జెడ్ కట్టండి. 6.7 రావాలి. రాకపోతే ముందు ఉమ్మడి అనుపాతాన్ని సరిచూసుకోండి.